రైలు గదికి ఏ లైట్లు? శ్లాబు ఇంటికి, పెంకుటింటికి, అద్దె ఇంటికి

గదిలో బల్ల మీద నేను కట్టుకున్న బుల్లి రైలు టెక్కలి దాటి పాతపట్నం వైపు వస్తుంటే దాని మీద ఫ్యాను రెక్కల నీడ టపటపా కొట్టేది. పైన గోడకి ట్యూబ్‌లైటు, దానికి కాస్త కిందగా ఫ్యాను, ఆ కింద రైలు. బరంపురం నుంచి వచ్చిన మా మేనల్లుడు ఫోనులో వీడియో తీసి, "రైలు మనకి కన్ను కొడుతోందేంటి మావయ్యా" అన్నాడు. నవ్వుకున్నాం గానీ ఆ రోజు నుంచి నాకు ఆ నీడ తప్ప ఇంకేమీ కనపడలేదు. ఫ్యాను ఆపితే జ్యేష్ఠమాసంలో గదిలో ఉండలేం. లైటే మార్చాలి.

మాది పర్లాకిమిడి. జిల్లా గజపతి, రాష్ట్రం ఒడిశా, మా వీధిలో చాలా ఇళ్లలో మాట తెలుగు. మేడ మీద 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గదిలో మా ఊరి పాత చిన్న రైలునే కట్టుకున్నాను. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల గేజి లైను అది. 1931లో గుణుపూర్ దాకా వెళ్లింది. 2004లో ఆగి, 2011కల్లా గుణుపూర్ దాకా బ్రాడ్‌గేజిగా తిరిగొచ్చింది. అసలు గేజి 762 మిల్లీమీటర్లు. దాన్ని 87వ వంతుకి తగ్గిస్తే దాదాపు 9 మిల్లీమీటర్లు వస్తుంది కాబట్టి ఎన్ గేజి, అంటే 9 మిల్లీమీటర్ల వెడల్పు బొమ్మ రైలు పట్టాలు చక్కగా సరిపోతాయి. ఒక గోడ పొడవునా 12 అడుగులు, మూల తిరిగి ఇంకో 8 అడుగులు, మొత్తం 20 అడుగుల బల్ల. లోతు 2 అడుగులు, నేల నుంచి ఎత్తు 4 అడుగులు. కింద చెప్పే కొలతలన్నీ ఈ బల్లకి సంబంధించినవి. మీ బల్ల కొలతని బట్టి సవరించుకోండి.

లైటు కొనే ముందు అది ఎక్కడ వేలాడాలో తేల్చుకోండి. నేను ముందు లైటు కొని, తరవాత చోటు వెతికాను. ఆ తప్పుకి మూడుసార్లు నిచ్చెన ఎక్కాను.

గది మధ్యలో పెడితే బల్ల ముందు నిలబడిన మీ నీడే ఊరంతా కమ్మేస్తుంది. వెనక గోడకి ఆనించి పెడితే స్టేషను పైకప్పు మెరుస్తుంది, మనవైపు ఉన్న గోడ మాత్రం చీకట్లో ఉంటుంది. బోర్డు మీద పేరు కూడా చదవలేం. బల్లకి సరిగ్గా నడినెత్తిన పెట్టినా ముందు వరస చెట్ల మొహాలు సగం నల్లగానే ఉంటాయి. కుదిరిన చోటు ఏదంటే, బల్ల ముందు అంచుకి 4 నుంచి 6 అంగుళాలు మనవైపుగా, బల్లకి మూడు మూడున్నర అడుగుల పైన. అక్కణ్ణించి వెలుగు కాస్త ఏటవాలుగా లోపలికి పడుతుంది. కొండల నీడ వెనక అట్ట మీద గీసిన ఆకాశానికి ఎక్కకుండా కిందకి జారిపోతుంది. పైగా ఫ్యాను రెక్కలకి లైటు కిందనే ఉంటుంది కాబట్టి కన్ను కొట్టడం ఆగిపోతుంది.

అయితే ఆ ఎత్తులో లైటు నేరుగా కళ్లలో పడుతుంది. కిటికీలకి పెల్మెట్ ఉంటుంది చూడండి, అలాంటి పట్టీ ఒకటి ముందు అడ్డంగా పెట్టాలి. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, 5 అంగుళాల వెడల్పు చాలు. థర్మోకోల్ పెట్టకండి, అది ఇట్టే అంటుకుంటుంది.

రెండోది రంగు. చిన్న ఊళ్లలో కొట్టువాడు అడక్కుండా చేతిలో పెట్టేది 6500 కె. కె అంటే కెల్విన్, తెలుపు ఎంత పసుపుకి, ఎంత నీలానికి వాలిందో చెప్పే కొలత. డబ్బా మీద కూల్ డే లైట్ అని ఉంటుంది. వంటింటికి బాగుంటుంది. నా బల్ల మీద ఒక చివర నౌపడ ఉప్పు మడులు, రెండో చివర గుణుపూర్ వైపు వంశధార ఒడ్డు. ఆ లైటు కింద ఉప్పు నీలంగా మెరిసింది, ఎర్రమట్టి కట్టలు చాక్లెట్ రంగుకి తిరిగాయి, గడ్డి ప్లాస్టిక్‌లా కనపడింది. 3000 కె, అంటే వామ్ వైట్ పెడితే మట్టి బాగుంది గానీ ఉప్పు పచ్చగా మారి నెయ్యిలా కనపడింది. మధ్యలో 4000 కె ఉంటుంది, న్యూట్రల్ వైట్ అనో నేచురల్ వైట్ అనో రాస్తారు. నా ఓటు దానికే. కొట్లో లేకపోతే తెప్పించమనండి, రెండు రోజులు ఆగండి, చేతికిచ్చింది మాత్రం తెచ్చుకోకండి.

కె ఎంతో చూశాక సీఆర్ఐ కూడా చూడాలి. రంగుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపించే శక్తికి అది మార్కు, నూటికి. మామూలు లైట్లకి 80 ఉంటుంది, 90 దాటితే రంగులు బాగా పలుకుతాయి. డబ్బా మీద రాయకపోతే నేనొక చిట్కా చేస్తాను. జేబులో ఒక పండు మిరపకాయ, పసుపుకొమ్ము, కరివేపాకు రెబ్బ వేసుకుని కొట్టుకి వెళ్తాను. ముందు గుమ్మం దగ్గర పగటి వెలుతుర్లో చూసి, తరవాత లోపల లైటు కింద చూస్తాను. నాసిరకం లైటు కింద ముందు చచ్చేది మిరపకాయ. ఎరుపు గోధుమలోకి దిగిపోతుంది. కరివేపాకు బూడిద పూసుకుంటుంది. కొట్టువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. మీ స్టేషనుకి వేసిన ఇటుక రంగు, వ్యాగన్ల తుప్పు రేపు ఆ మిరపకాయలాగే కనపడతాయి.

అక్కడే ఫోను కెమెరా తెరిచి లైటు వైపు చూపించండి. తెర మీద నల్లటి చారలు పైకీ కిందకీ పాకుతుంటే ఆ లైటు లోపల వణుకుతోందన్నమాట. మన కరెంటుకి సెకనుకి 100 సార్లు వణుకుతుంది. కంటికి తెలియకపోవచ్చు గానీ రైలు వీడియోలు తీసేవాళ్లకి అది నరకం.

ఇక అసలు ఎంపికలు. పేర్లన్నీ కొట్లో అడిగేటట్టే రాస్తున్నాను. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ట్యూబ్‌లైటుకి సంస్కృతం పేరు పెట్టే ధైర్యం నాకు లేదు.

శ్లాబు ఇల్లు, సొంత ఇల్లు అయితే నేను మొదట చెప్పేది ఒకదానికొకటి తగిలించుకునే టీ5 ఎల్ఈడీ ట్యూబులు. సన్నగా ఉంటాయి, చోక్ లేదు, స్టార్టర్ లేదు. ఒకదాని చివర ఇంకోదాని మొదట్లో గుచ్చుకుంటుంది, లేదా మధ్యలో చిన్న తీగ వస్తుంది. 4 అడుగులది 20 వాట్లు, సుమారు 2,000 ల్యూమెన్ల వెలుగు. నా 20 అడుగుల బల్లకి 5 పట్టాయి. మొత్తం 100 వాట్లు, 230 వోల్టుల దగ్గర అర ఆంపియరు కూడా లేదు. అంటే గోడకున్న మామూలు సాకెట్లో ఒక్క ప్లగ్గు గుచ్చితే 5 లైట్లూ వెలుగుతాయి. కొత్తగా వైరింగ్ అక్కర్లేదు, గోడ కొట్టక్కర్లేదు. వరసగా ఎన్ని తగిలించవచ్చో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ లెక్క దాటకండి.

బిగించడంలో ఒక కిటుకు ఉంది. ఒక్కో ట్యూబుకి రెండు క్లిప్పులు, 5 ట్యూబులకి 10. శ్లాబుకి 10 చోట్ల తల పైకెత్తి డ్రిల్లు పెడితే మెడ పట్టేస్తుంది, కళ్లలో దుమ్ము, మధ్యలో ఎక్కడో ఇనప ఊచ తగిలి డ్రిల్లు జారుతుంది. నాకు సాయం వచ్చిన కరెంటు కుర్రాడు ఒడియావాడు, మాతో తెలుగులోనే మాట్లాడతాడు. అతనే అన్నాడు, "భాయినా, కింద కూర్చుని చేద్దాం, పైకి ఒక్కసారే ఎత్తుదాం" అని. పెంకుటింటికి వాడే చెక్క రీపర్లు తెచ్చాం. 12 అడుగులది ఒకటి, 8 అడుగులది ఒకటి. నేల మీద పరిచి క్లిప్పులు, ట్యూబులు, తీగలు అన్నీ బిగించి, వెలిగించి చూసుకున్నాం. ముందు పట్టీ కూడా కిందే మేకులు కొట్టేశాం. శ్లాబుకి పెద్ద రీపరుకి మూడు, చిన్నదానికి రెండు, మొత్తం 5 కొక్కేలు. 6 మిల్లీమీటర్ల బిట్టు, రావల్ ప్లగ్గు, స్క్రూ కొక్కెం, సన్నటి గొలుసు. గొలుసు కాబట్టి ఎత్తు ఒక లంకె అటూ ఇటూ మార్చుకోవచ్చు. మేం రెండు లంకెలు దించాం. పొద్దున్న మొదలెట్టి భోజనాల వేళకి దిగిపోయాం.

లోపాలు లేవని కాదు. మామూలు ట్యూబులకి వెలుగు తగ్గించడం ఉండదు. సాయంత్రం దృశ్యం కావాలని నేను తెలివిగా పాత ఫ్యాను రెగ్యులేటరుకి కలిపాను. జుయ్యిమని శబ్దం, మినుకు మినుకు, మూడో రోజుకి ఒక ట్యూబు పోయింది. మీరు ఆ పని చేయకండి. ట్యూబుకీ ట్యూబుకీ మధ్య అతుకు దగ్గర కాస్త వెలుగు తగ్గుతుంది గానీ మూడు అడుగుల కింద బల్ల మీద అది తెలియదు. ఇంకో సంగతి, అన్నీ ఒకేసారి కొనండి, అదనంగా ఒకటి కూడా. ఆరు నెలల తరవాత అదే పేరుతో కొన్నది అదే తెలుపులో ఉండదు.

మా వైపు సాయంత్రాలు వోల్టేజీ దిగుతుంది, పిడుగుల కాలంలో ఎగురుతుంది. 100 నుంచి 300 వోల్టుల దాకా పని చేస్తుందని, 4 కేవీ సర్జ్, అంటే ఒక్కసారిగా ఎగిరే 4,000 వోల్టుల దెబ్బ, తట్టుకుంటుందని రాసి ఉన్న డబ్బా తీసుకోండి. ఉరుములు మొదలయ్యాయంటే మాత్రం ఆ రాతలు నమ్ముకోవద్దు, ప్లగ్గు పీకేయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజుల్ని చూసిన మావాళ్లకి ఈ మాట మళ్లీ చెప్పక్కర్లేదు.

గుణుపూర్‌లో నా మిత్రుడొకాయనది పెంకుటిల్లు. దూలాలు, వాసాలు, పైన నాటు పెంకులు. డ్రిల్లుతో పనే లేదు, కానీ పాత వాసానికి స్క్రూ దించితే పొడి రాలుతుంది, బరువు వేయడానికి భయం. ఆయన కూడా రీపరు పద్ధతే చేశాడు, కొక్కెం బదులు దూలం చుట్టూ జీఐ తీగ కట్టాడు. మా ఇద్దరి మధ్య తేడా ఒకటే. పెంకుల సందుల్లోంచి దుమ్ము, ఎలుకల చెత్త పడుతుంటాయి కాబట్టి రీపరుకి పైన ప్లాస్టిక్ షీటు పరిచాడు. లైట్లకీ గొడుగు, బల్లకీ గొడుగు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ల కథ వేరు. మా మేనల్లుడి ఇంటి ఓనరు మేకు శబ్దం వింటే కిందకి వచ్చేస్తాడు. వాడిది పుస్తకాల అరలో కట్టిన చిన్న లేఅవుట్టు, అంటే పట్టాలూ ఊరూ కలిసిన బొమ్మ రైలు ఏర్పాటు, పై అరకీ కింది అరకీ మధ్య 15 అంగుళాలే. అక్కడ ట్యూబు పెడితే మొహం మీదే ఉన్నట్టుంటుంది. అలాంటి చోటికి ఎల్ఈడీ స్ట్రిప్పే సరైనది. గోడని ముట్టుకోనక్కర్లేదు, అర అంచుకి లోపలివైపు అంటిస్తే సరి. 12 వోల్టులది కత్తెరతో, గుర్తు ఉన్నచోట, మూడేసి దీపాలకి ఒకసారి కత్తిరించుకోవచ్చు. చేతికి షాకు కొట్టదు. చిన్న డిమ్మర్ పెట్టి మధ్యాహ్నం నుంచి మునిమాపు దాకా దింపవచ్చు.

కానీ స్ట్రిప్పు అంటే పనంతా అంటించడమే అనుకోకండి. వెనకున్న జిగురు మన ఉక్కపోతకి ఒక్క వేసవి ఆగదు. వాడిది మే నెలలో పొట్లకాయలా వేలాడి సిగ్నలు స్తంభాన్ని పడగొట్టింది. అల్యూమినియం పట్టీలో పెట్టి, పైన పాలరంగు మూత వేయాలి. పట్టీ వేడిని లాగేస్తుంది, మూత చుక్కలు చుక్కలుగా కనపడకుండా చేస్తుంది. పట్టాల మీద వరసగా పది మెరుపు చుక్కలు కనపడితే అది రైలు లైనులా ఉండదు, పెళ్లి పందిరిలా ఉంటుంది. డబ్బు పెట్టగలిగితే సీఓబీ స్ట్రిప్పు తీసుకోండి, దానికి చుక్కలే ఉండవు.

పవర్ లెక్క కూడా చూసుకోవాలి. మీటరుకి 9.6 వాట్ల స్ట్రిప్పు, 12 అడుగులంటే 3.65 మీటర్లు, మొత్తం 35 వాట్లు. 12 వోల్టుల దగ్గర దాదాపు 3 ఆంపియర్లు. సరిగ్గా 3 ఆంపియర్ల అడాప్టరు కొంటే అది రోజంతా ఊపిరి బిగపట్టుకుని పని చేస్తుంది, వేడెక్కి పోతుంది. 5 ఆంపియర్లది కొనండి. పొడవు 5 మీటర్లు దాటితే చివరికి వెలుగు తగ్గిపోతుంది, అప్పుడు రెండు చివర్ల నుంచీ కరెంటు ఇవ్వాలి, లేదా 24 వోల్టుల రకానికి వెళ్లాలి. మా వాడికి ఒక కొట్టువాడు పేరూ ఊరూ లేని అడాప్టరు అంటగట్టాడు. ఒక రాత్రి కాలిన వాసన వస్తే లేచి ప్లగ్గు పీకాడు. బయటి డబ్బా మెత్తబడి వేలిముద్ర పడేంతగా ఉందట. అడాప్టరు దగ్గర మాత్రం బేరం వద్దు. ఇంకొకటి, రైలు నడిపే కంట్రోలరు కూడా 12 వోల్టులే కదా అని స్ట్రిప్పుని దానికి కలపకండి. రైలు ఆగితే ఊళ్లో పొద్దు గూకుతుంది.

ట్రాక్ లైట్లు చూడటానికి బాగుంటాయి, పేరులోనూ ట్రాక్ ఉంది. మీటరు పట్టీ, దానికి మూడు నాలుగు తిప్పుకునే తలలు, బిగించడం తేలికే. వెలుగు మాత్రం గుండ్రంగా పడుతుంది. రైలు వెలుగులోకి వస్తుంది, చీకట్లోకి పోతుంది, మళ్లీ వస్తుంది. నాటకానికి పనికొస్తుంది. మొత్తం గదికి అదొక్కటే వద్దు. ఉన్న ట్యూబులకి తోడు ఒక్క తల, 3000 కె ది, బల్ల పడమటి చివర ఏటవాలుగా పెడితే మాత్రం సాయంత్రపు ఎండ వచ్చేస్తుంది. నేను పెట్టాను. మహేంద్రతనయ వంతెన నీడ నీటి మీద పొడుగ్గా సాగుతుంటే ట్యూబులు ఆపేసి అదొక్కటే ఉంచి కూర్చుంటాను.

ప్యానెల్ లైట్లు, అంటే సీలింగుకి పెట్టే చదరపు పలకలు, వర్క్‌బెంచి మీదకి మంచివి. లేఅవుట్టు మీద అసలు నీడే లేకుండా చేస్తాయి, కొండలు అట్టముక్కల్లా చదునుగా కనపడతాయి. ఫాల్స్ సీలింగు చేయించి లోపల లైట్లు దాచాలనేవాళ్లకి నేను చెప్పేదేమీ లేదు, అది తేలిక పని కాదు, రైలు కొనే డబ్బంతా పైకప్పులోకి పోతుంది.

ఇక అన్నిటికన్నా చవక, మామూలు హోల్డర్లు, 9 వాట్ల బల్బులు. ఇప్పటికే కేసింగ్ పట్టీ ఉండి, దానికి హోల్డర్లు ఉంటే తాత్కాలికంగా నడిపించుకోవచ్చు. 4000 కె బల్బు దొరక్కపోతే ఒకటి పసుపు, ఒకటి తెలుపు పెట్టి కలిపేయమని కొందరు చెప్తారు. చేసి చూశాను. ప్రతి కొబ్బరిచెట్టుకీ రెండు నీడలు పడ్డాయి, ఒకటి పసుపు, ఒకటి నీలం. మా ఊళ్లో సూర్యుడు ఒక్కడే.

పురుగుల సంగతి రాయకపోతే మా ప్రాంతం గురించి రాసినట్టే కాదు. తొలకరి పడ్డ సాయంత్రం ఉసిళ్లు లేస్తాయి. ఒక ఏడు కిటికీ వేయడం మర్చిపోయాను. అరగంటలో నౌపడ యార్డు నిండా రెక్కలు. గుడ్డతో తుడిస్తే పోయాయనుకున్నాను. మర్నాడు ఇంజను పాయింట్ల దగ్గర, అంటే పట్టాలు రెండుగా చీలేచోట, పట్టా తప్పింది, ఇంకోసారి నెట్టినా తప్పింది. భూతద్దం పెట్టి చూస్తే కదిలే పట్టాకీ కదలని పట్టాకీ మధ్య ఒక్క రెక్క, తడి కాగితంలా అంటుకుని ఉంది. పట్టకారుతో లాగితే వచ్చింది. తెల్లటి లైటు కన్నా పసుపు లైటుకి పురుగులు తక్కువ వస్తాయి, అందులోనూ 6500 కె కి మార్కులు పోతాయి. వాన పడ్డ సాయంత్రం గది లైట్లు ఆపి వరండాలో ఒక తెల్ల బల్బు వెలిగిస్తాను, అవి అటు పోతాయి. బల్లుల విందు కూడా అక్కడే.

ఏది ఎంచుకున్నా బిగించే ముందు ఒక రాత్రి తాడుతో వేలాడదీసి చూడండి. ఇంట్లో ఉన్న ఏ ట్యూబైనా పరవాలేదు. ఫోనుని బల్ల మీద, పట్టాల మధ్య నిలబెట్టి, రైలు కళ్లతో ఫోటో తీయండి. ఎక్కడ నలుపు మిగిలిందో, లైటు ఎక్కడ కెమెరాలోకి తొంగి చూస్తోందో ఆ ఫోటోలో దొరికిపోతుంది. ఒక అంగుళం ముందుకి, రెండు అంగుళాలు కిందకి జరిపి మళ్లీ తీయండి. నాకు ఆరో ఫోటోకి కుదిరింది.

ఒక్క ఇబ్బంది మాత్రం నేను ఊహించలేదు. ఇప్పుడు ఇంట్లో అన్నిటికన్నా వెలుతురున్న చోటు అదే. "ఏవండీ, కాస్త ఆ ఉప్పు మడుల దగ్గర జాగా ఇవ్వండి" అంటూ మా ఆవిడ బియ్యం చేట పట్టుకుని మేడెక్కుతోంది. 4000 కె కింద మట్టిబెడ్డ బాగా తెలుస్తుందట. ఆమె రాళ్లు ఏరడం అయ్యేదాకా నౌపడ ప్యాసింజరు టెక్కలిలో ఆగి ఉంటుంది.